రోహిణి కార్తె దాకా ఆగితే

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో పాత ఏసీనో తుప్పు పట్టిన కూలరునో మార్చాలన్న ఆలోచన చాలా ఇళ్లలో మే నెలలోనే పుడుతుంది. యంత్రం ఆగిపోయి, గది ఉడికిపోయి, మంచాన ఉన్న పెద్దాయనకు మాట తడబడ్డాక గానీ ఆ ఖర్చు గుర్తుకు రాదు. అప్పటికి దుకాణంలో కావలసిన సరుకు ఉండదు. మెకానిక్కు ఫోనెత్తడు, ఎత్తినా ఎల్లుండి వస్తానంటాడు. నలభై అయిదు డిగ్రీల ఎండలో ఆ రెండు మూడు రోజులే ప్రాణాంతకం. ఇంటిని చల్లబరిచే యంత్రాన్ని మార్చాలా, బాగుచేయించాలా అన్నది ప్రతి కుటుంబమూ సంక్రాంతి నాటికే తేల్చుకోవాలి. రోహిణి కార్తె దాకా ఆగడమంటే ఇంట్లోని వృద్ధులను, పసివాళ్లను, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారిని తెలిసి తెలిసి ప్రమాదంలోకి నెట్టడమే.

ఈ ప్రాంతం ఆ ప్రమాదాన్ని ఇదివరకే చూసింది. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఏడాది ప్రభుత్వం లెక్కగట్టిన వడదెబ్బ మరణాలే 1,369. అన్ని జిల్లాల్లోకీ ఎక్కువగా నష్టపోయింది ప్రకాశం. గుంటూరు జిల్లా కూడా తీవ్రంగా దెబ్బతింది. అంతకు పన్నెండేళ్ల ముందు, 2003లో, ఉమ్మడి రాష్ట్రంలో మూడు వేల మందికి పైగా ఎండకు బలయ్యారు. చనిపోయినవారిలో ఎక్కువమంది ముసలివాళ్లు, కూలీలు. పొలంలోనో రోడ్డు మీదో కూలబడినవారి మరణం లెక్కలోకి వస్తుంది. ఇంట్లో, మధ్యాహ్నం నిద్రలోనే కన్నుమూసిన ముసలమ్మ మరణం గుండెపోటు కిందో, వయసు మీద పడటం కిందో పోతుంది. కాబట్టి ఇంటి లోపల ఎండ తీసిన ప్రాణాలు ఎన్నో మనకు కనబడనే కనబడవు.

లెక్కలు జాగ్రత్తగా తీసిన చోట అసలు సంగతి బయటపడింది. 2021లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో వచ్చిన వడగాడ్పులకు 619 మంది చనిపోయారు. వారిలో 98 శాతం మంది ఇంటి లోపలే ప్రాణం విడిచారని అక్కడి మరణ విచారణ అధికారులు తేల్చారు. మూడింట రెండు వంతుల మంది డెబ్భై ఏళ్లు దాటినవారు. వారి ఇళ్లలో చాలావాటికి ఏసీ లేదు. 1995 జులైలో షికాగోలో చనిపోయిన ఏడు వందల మందికి పైగా బాధితుల్లోనూ, 2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో చనిపోయిన దాదాపు పదిహేను వేల మందిలోనూ వృద్ధులే ఎక్కువ. అక్కడి వేసవితో మన వేసవికి పోలిక లేదు గానీ, మనిషి ఒంటి నియమం ఎక్కడైనా ఒకటే. పగలంతా తాకిన వేడిని రాత్రి చల్లని గాలిలో దించుకోలేకపోతే రెండో రోజుకు, మూడో రోజుకు గుండె మీద భారం పెరుగుతూ పోతుంది. పగటి ఎండను తాగిన డాబా కప్పు ఆ వేడిని రాత్రి పొద్దుపోయేదాకా గదిలోకి వదులుతూనే ఉంటుంది. బయట చల్లబడినా లోపల చల్లబడదు.

ఈ మైదానంలో ఎండ ఒక తీరుగా ఉండదన్నది కూడా గుర్తించాలి. రెంటచింతల, మాచర్ల, వినుకొండ, మార్కాపురం వైపు వీచేది పొడి వడగాలి. అక్కడ మంచి గడ్డితో, నిండా నీళ్లతో, కిటికీ బయట పెట్టిన కూలరు గదిని నిజంగానే చల్లబరుస్తుంది. బాపట్ల, చీరాల, ఒంగోలు వైపు సముద్రపు తేమ ఉంటుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే కూలరులోని నీరు ఆవిరి కాదు, చెమట కూడా ఆరదు. ఉష్ణోగ్రత తక్కువ చూపించినా ఒంటికి తగిలే ప్రమాదం తక్కువ కాదు. భారత వాతావరణ శాఖ కూడా వడగాడ్పును నిర్ణయించడానికి మైదానంలో 40 డిగ్రీలను, తీరంలో 37 డిగ్రీలను కనీస గీతగా పెట్టుకుంది. ఇక ఫ్యాను మీద పెట్టుకున్న నమ్మకానికీ హద్దు ఉంది. గది వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను గాలి ఒంటిని చల్లబరచకపోగా ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. చీరాలలో కూలరును నమ్ముకోవడం, మాచర్లలో మధ్యాహ్నం ఒక్క ఫ్యానుతో ముసలివారిని మూసిన గదిలో వదిలేయడం రెండూ తప్పే.

యంత్రాలు సరిగ్గా మండుటెండల్లోనే చెడిపోవడం మన దురదృష్టం అనుకుంటాం. దానికి కారణం ఉంది. ఏసీ గదిలోని వేడిని లాగి బయట పెట్టిన యూనిట్ ద్వారా గాలిలోకి వదలాలి. బయటి గాలే 45 డిగ్రీలున్నప్పుడు ఆ వేడి పోవడం కష్టం. లోపల గ్యాసు ఒత్తిడి పెరుగుతుంది, కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగుతుంది, కెపాసిటర్ వేడెక్కుతుంది. పైగా అదే సమయంలో వీధి వీధంతా ఏసీలు వేసేసరికి ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడి వోల్టేజి పడిపోతుంది. మిల్లుల చుట్టూ ఎగిరే పత్తి నూగు, రోడ్డు దుమ్ము బయటి యూనిట్ రెక్కలకు పట్టి ఉంటే గాలి ఆడదు. తీరంలో ఉప్పు గాలి రాగి గొట్టాలను తినేస్తుంది. ఫిబ్రవరిలో ఏదో నడిచిపోతున్న బలహీనమైన యంత్రం మే నెల పరీక్షలో ఓడిపోవడం ఖాయం. ఏ రోజున అది లేకపోతే ప్రాణం మీదికి వస్తుందో ఆ రోజే అది ఆగిపోతుంది.

2015 ఎండలకు భయపడి ఆ ఏడాదీ ఆ తర్వాతి రెండు మూడేళ్లలోనూ ఏసీ కొన్నవారు ఇప్పుడు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. ఇంటి ఏసీ ఆయుష్షు సాధారణంగా పది నుంచి పదిహేనేళ్లు. ఆనాటి యంత్రాల్లో చాలావాటిలో ఉన్నది ఆర్-22 గ్యాసు. ఓజోన్ పొరను దెబ్బతీసే ఈ గ్యాసును 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దేశాలన్నీ దశలవారీగా మానేస్తున్నాయి. మన దేశంలో 2030 నాటికి దీని ఉత్పత్తి, దిగుమతి దాదాపుగా ముగింపుకు రావాలి. దొరకడం తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది, కల్తీ కూడా పెరుగుతుంది. ఏ గ్యాసో తెలియని సిలిండరుతో పాత యంత్రాన్ని నింపించడం పనితీరుకూ చేటు, ప్రాణానికీ చేటు.

ఏటా వేసవి రాగానే గ్యాసు నింపించడం ఒక అలవాటుగా మారిన ఇళ్లు ఉన్నాయి. ఏసీలోని గ్యాసు వాడితే అరిగిపోయేది కాదు. అది తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. ఆ కన్నం వెతకకుండా మళ్లీ నింపడం డబ్బు పోగొట్టుకోవడం ఒక్కటే కాదు. గ్యాసు తగ్గిన యంత్రంలోకి గాలి చొరబడితే, ఆ స్థితిలో కంప్రెసర్ నడిపితే, లోపలి నూనె, గాలి కలిసి పేలిపోయే ప్రమాదం ఉంది. గొట్టాల్లో కన్నం ఉందో లేదో చూడటానికి నైట్రోజన్ వాడాలి. ఆక్సిజన్ సిలిండరు తెచ్చి ఒత్తిడి పెట్టే మెకానిక్కును ఆ క్షణమే ఆపేయాలి. ఇప్పుడొస్తున్న యంత్రాల్లోని ఆర్-32 కొంతమేరకు, ఆర్-290 బాగా మండే గుణమున్న గ్యాసులు. శిక్షణ ఉన్న చేతులు బిగిస్తే వాటితో భయం లేదు. మే నెల హడావుడిలో ఎవరు దొరికితే వారిచేత బిగిస్తే భయపడాల్సిందే.

మంటలు లేవడానికి యంత్రం కంటే వైరింగే ఎక్కువగా కారణమవుతుంది. ఫ్యాన్లకు, బల్బులకు ఎప్పుడో వేసిన సన్నని తీగ మీద టన్నున్నర ఏసీని నడిపిస్తే తీగ వేడెక్కి, పైపొర కరిగి, నిద్రలో ఉన్నవారికి తెలియకుండానే నిప్పు అంటుకుంటుంది. ఏసీకి మీటరు బోర్డు నుంచి విడిగా దళసరి రాగి తీగ, దానికి తగ్గ ఎంసీబీ, సరైన ఎర్తింగు ఉండాలి. ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని పెద్దది తెచ్చి పెట్టించడం ప్రమాద సూచనను నోరు మూయించడమే. కూలర్ల విషయం ఇంకా ఘోరం. ఇనుప రేకు కూలరులో మోటారు తీగ తొక్క ఊడి రేకుకు తగిలితే, తడి నేల మీద నిలబడి దాన్ని ముట్టుకున్న మనిషి బతకడం కష్టం. నీళ్లు పోయబోయిన తల్లులు, పక్కన ఆడుకుంటున్న పిల్లలు ఇలా పోయిన వార్తలు ప్రతి వేసవిలోనూ చదువుతూనే ఉన్నాం. మూడు పిన్నుల ప్లగ్గు పెట్టకుండా, ఎర్తింగు లేకుండా, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికి కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ లేకుండా ఏ ఇంట్లోనూ కూలరు నడపకూడదు. ప్లగ్గు తీశాకే నీళ్లు పోయాలి. అడుగు తుప్పు పట్టిన కూలరుకు మళ్లీ రంగు వేయించడం వృథా. దాన్ని మార్చేయాలి.

పాతదైన ప్రతి యంత్రాన్నీ పారేయమని మేము చెప్పడం లేదు. అమ్మేవారి మాట విని నడిచే యంత్రాన్ని వదులుకోనక్కరలేదు. కెపాసిటర్ పోవడం, రెక్కలకు మట్టి పట్టడం, డ్రెయిన్ పైపు పూడిపోవడం చిన్న మరమ్మతులు. అయితే కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం ఇంకో వేసవికి దాన్ని నమ్మకూడదు. పదేళ్లు దాటి ఉండటం, పేరు పలక మీద ఆర్-22 అని ఉండటం, వరసగా రెండేళ్లు గ్యాసు నింపించాల్సి రావడం, కంప్రెసర్ మార్చడానికి కొత్త యంత్రం ధరలో సగం అడగడం, ప్లగ్గు దగ్గర కాలిన వాసన రావడం అటువంటివి. వీటిలో రెండు కలిసి కనబడితే నిర్ణయం అయిపోయినట్టే. ఒకటే ఉంటే సంక్రాంతి లోపే ఒక మధ్యాహ్నం గంటసేపు నడిపించి, నమ్మకమైన మెకానిక్కుకు చూపించాలి. చలికాలంలో అతనికి తీరిక ఉంటుంది. లోపలేమిటో వెతికి చెబుతాడు.

డబ్బు మాటేమిటని రైతు కుటుంబాలు అడుగుతాయి. న్యాయమైన ప్రశ్న. పత్తి తీతల డబ్బు నవంబరు నుంచి జనవరి దాకా చేతికొస్తుంది. మిరప డబ్బు ఫిబ్రవరి నుంచి వేసవి దాకా, ధరను బట్టి వస్తుంది. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చిన సంగతి మరచిపోలేం. అప్పులు, కౌలు, పురుగుమందుల బాకీ తీరాక ఏం మిగులుతుందో తెలియని ఇంటికి ఏసీ చివరి ఖర్చు. అందుకే ముందుగా తేల్చుకోవాలంటున్నాం. ముందుగా తేల్చుకున్నవారికి మరమ్మతా, కొత్తదా, కూలరా అని ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. మే నెలలో పరుగెత్తినవారు దొరికిన ధరకు, వడ్డీకి తెచ్చి కొంటారు. ఏసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. కరెంటు బిల్లునూ లెక్కలోకి తీసుకోవాలి. రాష్ట్రంలో ఇటీవలి ఏళ్ల ఛార్జీల ప్రకారం నెలకు 225 యూనిట్లు దాటాక యూనిట్టు 8.75 రూపాయలు, 400 దాటాక 9.75. కొత్త ఇన్వర్టర్ ఏసీ గంటకు అర యూనిట్టు మిగిల్చినా, రోజుకు పది గంటల చొప్పున నెలకు 150 యూనిట్లు, అంటే పదమూడు వందల రూపాయలకు పైగా మిగులుతాయి. కొనేటప్పుడు స్టార్లను మాత్రమే చూడకూడదు. కొలత ఎప్పటికప్పుడు మారుతుంది. 2022 జులైలో బిగించినప్పుడు అంతకు ముందరి అయిదు స్టార్ల యంత్రం నాలుగుకు దిగింది. లేబులు మీద ఉన్న సంవత్సరాన్ని, ఏడాదికి ఎన్ని యూనిట్లు తాగుతుందన్న అంకెను చూడాలి. ఆ అంకె 1,600 గంటల వాడకానికి వేసింది.

మన ప్రాంతం చల్లదనం విలువ ఎరగనిది కాదు. గుంటూరు చుట్టుపక్కల వందకు పైగా కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి. మిరప టిక్కీలు వచ్చి చేరేలోగా, గదులు ఖాళీగా ఉన్నప్పుడే కంప్రెసర్లు విప్పి చూస్తారు, గొట్టాలు పరీక్షిస్తారు, జనరేటరు సిద్ధంగా పెడతారు. సరుకు లోపలున్నప్పుడు యంత్రం ఆగితే నష్టం ఎంతో వారికి తెలుసు. మిరపకాయ రంగు చెడకుండా చూసుకునేందుకు పాటించే ఈ ముందుచూపు మన ఇళ్లలో తల్లిదండ్రులు పడుకునే గది విషయంలో ఎందుకు లేదు? ఎండలకు మే నెలలో మిర్చి యార్డుకు సెలవులిస్తారు. ఇంట్లో ఉన్న రోగికి, బాలింతకు ఆ ఎండ నుంచి సెలవు దొరకదు.

హడావుడిగా మార్చడంలోనూ అపాయముంది. గది కొలత తీయకుండా టన్నుల లెక్క చెబుతారు. పడమటి గోడ ఎండ, పైకప్పు వేడి లెక్కలోకి రావు. గొట్టాలు బిగించాక వాక్యూమ్ పంపుతో లోపలి గాలిని, తేమను పూర్తిగా లాగేయాలి. రోజుకు పది ఇళ్లు తిరిగే మెకానిక్కు ఆ పని వదిలేసి కాస్త గ్యాసుతోనే గాలిని నెట్టేసి వెళ్లిపోతాడు. ఆ యంత్రం రెండేళ్లకే మొరాయిస్తుంది. తీగ మార్చడానికి, ఎర్తింగు గుంత తవ్వడానికి, అదనపు లోడు నమోదు చేయించడానికి వ్యవధి ఉండదు. రెండో అంతస్తు గోడకు వేలాడుతూ మిట్టమధ్యాహ్నం పనిచేసే ఆ కుర్రవాడి ప్రాణం కూడా ప్రాణమే.

ఏసీ కొనలేని ఇళ్లే ఎక్కువన్న నిజాన్ని పక్కన పెడితే ఈ హెచ్చరికకు అర్థం లేదు. రేకుల ఇళ్లలో, పొలం గట్ల పాకల్లో, మిరప కోతలకు వలస వచ్చి వేసుకున్న గుడారాల్లో ఉన్నవారికే ముప్పు ఎక్కువ. డాబా మీద, రేకుల మీద ఎండాకాలానికి ముందే తెల్ల సున్నమో, వేడిని తిప్పికొట్టే తెల్ల పెయింటో వేస్తే గది వేడి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. 2010 వడగాడ్పులు నేర్పిన పాఠంతో అహ్మదాబాద్ నగరం 2013లో ఎండల కార్యాచరణ ప్రణాళిక తెచ్చుకుంది. 2015లో ఎక్కువగా దెబ్బతిన్న ప్రకాశం, పల్నాడు ప్రాంతాలకు ప్రభుత్వ గృహాల మీద సున్నం వేయించే పథకమైనా ఉండాలి. ప్రతి గ్రామ సచివాలయంలోనో, బడిలోనో మధ్యాహ్నం పన్నెండు నుంచి అయిదు దాకా ఎవరైనా వచ్చి కూర్చోగల ఒక చల్లని గది, తాగునీరు, ఓఆర్‌ఎస్ ఏర్పాటు చేయాలి.

ప్రభుత్వం చేయాల్సిన పనులకూ గడువు ఉండాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, గుంటూరు, ఒంగోలు పెద్దాసుపత్రుల్లో వడదెబ్బ రోగుల వార్డుల ఏసీలను ఫిబ్రవరి ముగిసేలోగా పరీక్షించి, పనికిరానివి మార్చాలి. మధ్య ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ఎక్కడ లోడు పెరిగిందో చూసి ట్రాన్స్‌ఫార్మర్లను మార్చిలోగా పెంచాలి. అవి కాలిపోయాక లారీలో తెచ్చి బిగించే అలవాటు మానుకోవాలి. వినియోగదారులూ దొంగచాటుగా ఏసీ పెట్టుకోకుండా అదనపు లోడును నమోదు చేయించుకోవాలి. విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా ఇస్తున్న వడగాడ్పుల హెచ్చరికలు ఫోనులో ఆగిపోకుండా వృద్ధులున్న ఇంటి గుమ్మం దాకా ఆశా కార్యకర్తల ద్వారా చేరాలి. ఐటీఐల్లో కొత్త గ్యాసుల మీద శిక్షణ పొందిన మెకానిక్కులను తయారుచేయాలి. మార్చేసిన పాత ఏసీలను తుక్కు వ్యాపారి గొట్టం కోసి గ్యాసును గాలిలోకి వదిలేయడం ఆపాలి. ఆర్-22 బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 1,800 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల కింద వాటిని సక్రమంగా వెనక్కి చేర్చే బాధ్యత తయారీదారులది. జిల్లా కేంద్రాల్లోనైనా ఆ సదుపాయం కనబడాలి.

అన్ని ఏర్పాట్లూ తప్పిన రోజు వస్తే ఏం చేయాలో కూడా ప్రతి ఇంటికీ తెలిసుండాలి. చర్మం కాలిపోతూ, మాట తడబడుతూ, మనిషి తికమకపడుతుంటే అది వడదెబ్బ. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి ఉంటుంది. 108కి ఫోను చేసి, అంబులెన్సు వచ్చేలోగా నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి గాలి విసరాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

హైదరాబాద్, బెంగళూరు, డాలస్ నగరాల్లో స్థిరపడిన పిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. నరసరావుపేటలో, చిలకలూరిపేటలో, అద్దంకిలో ఒంటరిగా ఉంటున్న మీ అమ్మానాన్నలు ఏసీ పాడైందని మీకు చెప్పరు. ఖర్చు పెట్టించడం ఇష్టం లేక ఫ్యాను చాలంటారు. సంక్రాంతికి వచ్చినప్పుడు మీరే ఆ యంత్రం వేసి చూడండి, బోర్డు విప్పించి తీగలు చూపించండి, పడుకునే గది ఒక్కటైనా చల్లగా ఉండేలా చేసి వెళ్లండి. ఇల్లంతా అవసరం లేదు, పద్దెనిమిది డిగ్రీల చలీ అవసరం లేదు. ఒక గది, ఫ్యానుతో కలిపి 26, 27 డిగ్రీలు చాలు. రాలేకపోతే ఊళ్లో ఉన్న బంధువుకో స్నేహితుడికో ఆ పని అప్పగించి, అయ్యేదాకా వెంటపడండి. ఇళ్లకు గడువు సంక్రాంతి, ఆసుపత్రులకు ఫిబ్రవరి, ట్రాన్స్‌ఫార్మర్లకు మార్చి. వడదెబ్బ మరణాల్లో చాలావాటిని ఆపగలం. ఆపాలనుకుంటే ఈ గడువుల్లో ఒక్కటీ దాటనివ్వకూడదు.